సవరణ: ఆ ఉక్కు గోరు వించెస్టర్ వాళ్లది కాదు

మలక్‌పేటలో మా తాతయ్య దగ్గరుండిన, అమెరికా తుపాకుల కంపెనీ వించెస్టర్ చేసిన మోడల్ 70 వేట రైఫిల్ గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులున్నాయి. క్షమించండి.

తూటాను పట్టుకునే పొడవాటి ఉక్కు గోరును వించెస్టర్ వాళ్లే కనిపెట్టారన్నాను. కాదు, అది జర్మనీ మౌజర్ రైఫిళ్ల నుంచి వచ్చింది. 1898 నాటి మౌజర్‌లోనూ అదే ఉంది. మ్యాగజైన్‌లోంచి (తూటాలు పేర్చి ఉండే అర) తూటా పైకి లేస్తుండగానే గోరు దాని అంచును పట్టేస్తుంది. కాల్చాక ఖాళీ తూటా తొడుగును బయటికి లాగేదాకా వదలదు. తాతయ్య బోల్టును (తూటాను లోపలికి నెట్టే ఉక్కు కడ్డీ) మెల్లగా వెనక్కీ ముందుకీ జరిపి నాకు చూపించింది సరిగ్గా ఇదే. (1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆయన వేట మానేశారు. నూనె పెట్టి తుడవడం మాత్రం మానలేదు.)

1964లో ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ ఆ గోరును తీసేసింది. వాల్‌నట్ కర్ర పిడి మీద, పట్టు జారకుండా చేత్తో కోసే గళ్లకు బదులు అచ్చు ఒత్తింది. ఇంతవరకూ నేను రాసింది సరైనదే. ‘ఆ గోరు మళ్లీ రాలేదు’ అన్నదే తప్పు: 1990లలో ‘క్లాసిక్’ పేరుతో తిరిగి వచ్చింది. అయినా 1964కు ముందువాటి మీద నా మమకారంలో మార్పు లేదు. ఆ గళ్ల గరుకు ఇంకా నా అరచేతికి గుర్తుంది.