కరెంటు పెట్టే ముందు ఆ ఎముకనూ చూడండి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ (జనం మాటలో కరెంటు పెట్టడం) ప్లాన్ వేసేటప్పుడు కంప్యూటర్ తెర పిల్లల రంగుల పుస్తకంలా ఉంటుంది. సీటీ స్కాన్ మీద మూత్రాశయం చుట్టూ ఒక రంగు గీత, మలాశయానికి ఇంకో రంగు, చిన్నపేగులకు వేరొకటి, తుంటి కీలులో తిరిగే తొడ ఎముక గుండ్లకు మరొకటి. దేనికి ఎంత డోసు దాటకూడదో పక్కన పట్టికలో ఉంటుంది. నడుము కింద, రెండు తుంటి ఎముకల మధ్య మేకులా దిగి ఉండే త్రికాస్థికి మాత్రం చాలాచోట్ల ఏ గీతా ఉండదు. గీత గీయని భాగానికి డోసు లెక్క రాదు. లెక్క రాని డోసు గురించి ఎవరూ అడగరు.

తర్వాత ఒకటి రెండేళ్లలో ఎక్కువగా విరిగేది ఆ ఎముకే.

విరగడమంటే కిందపడి విరగడం కాదు. బస్సు మెట్టు దిగుతుంటేనో, నీళ్ల బిందె ఎత్తుతుంటేనో నడుము కింద కలుక్కుమంటుంది. రోజువారీ బరువుకే బలహీనపడిన ఎముకలో సన్నని చీలికలు వస్తాయి. ఇదేదో అరుదైన సంగతి కాదు. స్త్రీల క్యాన్సర్లకు కటి భాగంలో రేడియేషన్ తీసుకున్న 3,929 మంది వివరాలను కలిపి 2020లో చేసిన విశ్లేషణలో సుమారు 14 శాతం మందిలో ఇలాంటి చీలికలు కనిపించాయి. వీళ్లలో కొందరికి నొప్పే లేదు, స్కాన్‌లో మాత్రమే బయటపడ్డాయి. అంతకుముందు 2005లో అమెరికాలో 65 దాటిన మహిళల రికార్డులు చూస్తే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్నవారిలో రేడియేషన్ తీసుకున్నవాళ్లకు అయిదేళ్లలో కటి ఎముకలు విరగడం 8.2 శాతం, తీసుకోనివాళ్లకు 5.9 శాతం ఉంది.

ఎముకకు రెండువైపుల నుంచి దెబ్బ పడుతుంది. కిరణాలు కొత్త ఎముకను కట్టే కణాలను, వాటికి రక్తం తెచ్చే సన్నని నాళాలను నేరుగా పాడుచేస్తాయి. అదే దారిలో ఉన్న అండాశయాలూ పనిచేయడం మానేస్తాయి. నలభై ఏళ్లయినా నిండని మనిషికి రెండు మూడు నెలల్లో ముట్లు ఆగిపోతాయి, ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ పడిపోతుంది. వైద్యం పూర్తయిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునే సమయంలో ఎముక లోపల గుల్లబారడం మొదలవుతుంది.

మన రాష్ట్రాల్లో దీనికి ఇంకో చిక్కు కూడా ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట, బ్లీడింగ్ అని ఆపరేషన్ చేశాక బయాప్సీ రిపోర్టులో క్యాన్సర్ అని తేలి, అప్పుడు రేడియేషన్‌కు పంపే కేసులూ ఉంటాయి. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఆమె ఎముకలు అప్పటికే అరువు బతుకు బతుకుతున్నాయి. పాత పద్ధతిలో ముందు నుంచీ వెనక నుంచీ కరెంటు పెడితే త్రికాస్థికి దాదాపు పూర్తి డోసు పడుతుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది నొప్పి వచ్చాక జరిగే తంతు. ఆమె ముందు ఎముకల డాక్టర్ దగ్గరకు వెళ్తుంది. ఎక్స్‌రే తీస్తారు. త్రికాస్థి చీలికలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించవు. ‘అరుగుదల’ అని నొప్పి మాత్రలు రాస్తారు. లేదా పెట్ స్కాన్ తీస్తే ఆ చోటు వెలుగుతుంది, ‘ఎముకకు పాకింది’ అంటారు. ఇక ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. నిజానికి బోన్ స్కాన్‌లో త్రికాస్థికి రెండువైపులా నిలువుగా, మధ్యలో అడ్డంగా వెలిగితే హోండా కారు ముందుండే గుర్తులా కనిపిస్తుంది. రేడియాలజిస్టులు దాన్ని హోండా సైన్ అనే పిలుస్తారు. కారు కంపెనీకి అక్కర్లేని ప్రచారం, కానీ రోగికి అది చాలా మంచి కబురు. అది క్యాన్సర్ కాదు, ఎముక చీలిక. ఎంఆర్‌ఐ తీస్తే ఇంకా స్పష్టంగా తేలుతుంది. పొరబడి క్యాన్సర్ అనుకుంటే, విరిగిన ఎముకకే మళ్లీ కరెంటు పెట్టే ప్రమాదం ఉంది.

నష్టాన్ని తగ్గించే దారులు లేకపోలేదు. త్రికాస్థిని పూర్తిగా తప్పించలేం, ఎందుకంటే దాని ముందే ఉన్న లింఫ్ గ్రంథులకు డోసు అందాల్సిందే. ఎముక కోసం క్యాన్సర్‌ను వదిలేయమని ఎవరూ అనరు. అయితే వేర్వేరు కోణాల నుంచి వచ్చే కిరణాల తీవ్రతను మారుస్తూ డోసును మలిచే ఐఎంఆర్‌టీ అనే రేడియేషన్ పద్ధతితో వెనక భాగానికి పోయేది తగ్గించవచ్చు. యూరప్ కేంద్రాలు నడిపిన ఎంబ్రేస్-2 విధానం బయటి రేడియేషన్‌ను 25 సిట్టింగుల్లో 45 గ్రేకు (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) పరిమితం చేసింది. డెన్మార్క్‌లోని ఆర్హస్ వైద్యులు 50 దాటిన మహిళల్లో త్రికాస్థికి పడే డోసు తగ్గేకొద్దీ ఎముక విరిగే ముప్పు బాగా తగ్గుతుందని చూపారు. ముంబై టాటా మెమోరియల్ నడిపిన పార్సర్ ట్రయల్ ఐఎంఆర్‌టీతో పేగుల ఇబ్బందులు సగానికి తగ్గాయని నిరూపించింది. పేగుల కోసం వేసే అదే ప్లాన్‌లో ఎముకకు ఒక గీత గీయడానికి అదనంగా పట్టేది కొన్ని నిమిషాలే.

ప్లానింగ్ కోసం తీసే సీటీలో ఎముక ఎలాగూ ఉంటుంది. అది ఎంత పలుచబడిందో దాంట్లోనే కొంత అంచనా వేయవచ్చు. అనుమానం ఉంటే ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష. ముట్లు ముందే ఆగిపోయిన చిన్న వయసువాళ్లకు హార్మోన్ మాత్రల గురించి మాట్లాడాలి. ముఖద్వారంలో ఎక్కువగా వచ్చే స్క్వామస్ రకం క్యాన్సర్‌లో వాటికి అడ్డంకి లేదు. గర్భాశయ లోపలి పొర క్యాన్సర్ అయితే మాత్రం డాక్టర్ ఆచితూచి చెప్పాలి. జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఎముకలు గుల్లబారినవాళ్లకు పనిచేస్తుంది, ముందు పళ్ల డాక్టర్‌కు చూపించుకోవాలి. ఎముకలు బాగున్నవాళ్లకు కూడా ముందుజాగ్రత్తగా ఇవ్వాలనడానికి ఇంకా సరైన ఆధారం లేదు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ర్యాడ్‌బోన్ పేరుతో ఎముక పరీక్షలు, వ్యాయామం కలిపిన ప్యాకేజీని రేడియేషన్‌తో పాటే ఇవ్వడం సాధ్యమేనా అని పరీక్షించారు.

మన ఆసుపత్రుల్లో ఓపీ రద్దీ తెలిసిందే. ఒక్కో రోగికి అయిదు నిమిషాలు దొరికితే గొప్ప. ఫాలోఅప్‌లో బ్లీడింగ్ ఉందా, విరేచనం ఎలా అవుతోంది, మూత్రంలో మంట ఉందా అని అడుగుతారు. దాంతోపాటు ‘నడుము కింద నొప్పి ఉందామ్మా, కూర్చుని లేస్తే ఎక్కువవుతోందా’ అని కూడా అడగాలి. అవునంటే ఎక్స్‌రేతో సరిపెట్టకుండా ఎంఆర్‌ఐకి రాయాలి. ఆ ఫిల్మును ఆమెకు కరెంటు పెట్టిన డాక్టర్ పాత ప్లాన్ పక్కన పెట్టుకుని చూడాలి.