ఉపవాసం ఉండి బొమ్మలు వేశారట!

ఈ వారం ఫోనులో ఆ సందేశం మళ్లీ వచ్చింది. "లేపాక్షి గుడి పైకప్పు మీద బొమ్మలు వేసినవారు ఒక్క కాసు కూలి తీసుకోలేదు, ఉపవాసాలుండి వేశారు. పేరు కూడా చెక్కుకోలేదు. ఆకు పసరు రంగులు ఐదు వందల ఏళ్లయినా వెలిసిపోలేదు. వేలాడే స్తంభం రహస్యం సైన్సుకే అందలేదు. దేవుడి పనికి డబ్బు అడిగేవాడు భక్తుడూ కాదు, కళాకారుడూ కాదు." కింద జోడించిన చేతులు, పదిమందికి పంపమన్న ఆజ్ఞ. అనంతపురంలో నాకు తెలిసిన చదువుకున్నవాళ్లే దీన్ని ఒకరి తర్వాత ఒకరు పంపుతున్నారు.

రంగులు వెలిసిపోలేదన్నవారు ఆ మంటపంలో తలెత్తి చూడలేదు. చాలాచోట్ల వెలిశాయి, గార పెచ్చులుగా రాలింది. ఇక నేలకు పూర్తిగా ఆనని ఆ స్తంభం కింద తువాలు దూర్చి ఫొటో తీసుకోండి, ఎవరూ వద్దనరు. దానికీ కూలికీ సంబంధం ఏమిటో నాకు తెలియలేదు.

పేరు విషయంలో లేపాక్షి వరకు సందేశం నిజమే. ఆ చిత్రకారులు ఎవరో మనకు తెలియదు. అయితే పేరు చెప్పుకోకపోవడమే భక్తి అనుకుంటే, పట్టదకల్లు విరూపాక్షాలయం కట్టిన గుండ అనే స్థపతి పేరు, ఆయన బిరుదు శాసనంలో ఎందుకున్నాయి? హొయసల గుళ్లలో మల్లితమ్మ అనే శిల్పి తాను చెక్కిన విగ్రహాల కింద సంతకం ఎందుకు పెట్టాడు? మన కడప వైపు గోపవరం మొల్ల రామాయణం మొదట్లోనే తండ్రి పేరు చెప్పుకుంది. ఆమె భక్తికి ఎన్ని మార్కులు తగ్గిద్దాం?

అసలు సంగతి కూలి. ఈ సందేశం పంపినవారే పోయిన నెల లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ కథ కూడా పంపారు. రాయల ఖజానా సొమ్మంతా గుడికి ఖర్చుపెట్టాడన్న అభియోగం మీదే కదా ఆయన తన కళ్లు తానే పీకి గోడకు విసిరాడన్న కథ పుట్టింది! శిల్పులు ఉచితంగా చెక్కి, చిత్రకారులు ఉచితంగా గీసి ఉంటే ఖజానా దేనికి ఖాళీ అయినట్టు? ఉపవాసాలున్నవారికి ఫలహారాలు తెప్పించాడా? రెండు సందేశాలూ పక్కపక్కన పెట్టి చదివే ఓపిక కూడా లేకపోతే ఎలా?

తంజావూరు పెద్దగుడి గోడల మీద నాలుగు వందల మంది నాట్యగత్తెల పేర్లున్నాయి. ఒక్కొక్కరికి ఒక ఇల్లు, ఏడాదికి నూరు కలాల (కలం అప్పటి ధాన్యపు కొలత) వడ్లు. గుడి కట్టించిన చోళరాజు రాజరాజు ఆ లెక్కను దాచుకోలేదు, రాతి మీద చెక్కించి పెట్టాడు. మన తాళ్లపాక వారు అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీదికి ఎక్కించారు. రాగి చెట్లకు కాయదు, అక్షరాలు వాటంతట అవే పడవు.

నాకు కోపం చరిత్ర తప్పు చెప్పినందుకు కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలున్నాయి. మేకతోలును శుభ్రం చేసి, గీకి, ఉలితో వేల చిల్లులు పెట్టి, రంగులద్ది రాముణ్ణి ఆడించేవారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. అదే ఊళ్లో ఇప్పుడు ఆట ఆడి బతకలేక దీపాల తొడుగులు చేసి అమ్ముకుంటున్నారు. మొన్న ఒక ఉత్సవ కమిటీ సమావేశంలో తోలుబొమ్మలాట పెట్టించే మాట వచ్చింది. పెద్దాయన ఒకరు ఫోను తీసి ఈ సందేశమే చదివి, "సేవగా ఆడమందాం" అన్నారు. అదే పూట షామియానాకు, మైకుసెట్టుకు, జనరేటరుకు అడ్వాన్సులు రాశారు. డీజిలుకు భక్తి లేదు కాబోలు, బొమ్మలాడించేవాడికి మాత్రం కడుపు నిండా ఉండాలి.

ఒకటి ఒప్పుకుంటాను. పల్లెల్లో చెక్కభజన చేసేవారు పగలంతా పొలం పని చేసి, రాత్రి సొంత ఖర్చుతో గజ్జెలు కట్టి తెల్లవార్లూ ఎగురుతారు. డబ్బిచ్చి పిలిపించిన ఏ బృందంలోనూ నేను ఆ ఊపు చూడలేదు. డబ్బు రాని చోటే భక్తి చిక్కగా ఉంటుందన్న మాట వారి విషయంలో నిజమేనేమో. కానీ వారిని ఎగరమని ఎవరూ తీర్మానం చేయలేదు, మరునాడు వారి ఇంట్లో పొయ్యి వెలగడానికి పొలం ఉంది.

బొమ్మలాటవారికి ఆటే పొలం. పిలిచేటట్టయితే మైకుసెట్టుకు ఇచ్చినట్టే వారికీ అడ్వాన్సు ముందుగా ఇవ్వండి. బస్సు చార్జీలు, భోజనాలు వేరే.