తమ్ముడి పుస్తకానికి తొలి సమీక్ష

(ఒడిశాలోని బరంపురం. పెద్దబజారు వెనక వీధిలో పాత పెంకుటిల్లు. మంచం కింద, బీరువా మీద, కుట్టుమిషను చుట్టూ పుస్తకాల కట్టలు. ఎదురింటి అరుగు మీద కూర్చునే నాకు అక్కాతమ్ముళ్ళ మాటలన్నీ వినిపిస్తాయి. లేచి లోపలికి వెళ్ళాలని ఎప్పుడూ అనిపించలేదు.)

తమ్ముడు: అక్కా! వచ్చింది! హైదరాబాదు నుంచి ఉత్తరం! నా కథల మీద తొలి సమీక్ష!

అక్క: అరవకురా. కరెంటు బిల్లు వచ్చిందని వీధంతా కంగారు పడుతుంది.

తమ్ముడు: 300 ప్రతులు వేయిస్తే నవ్వావు కదా. ఇప్పుడు విను. "మీరు పంపినది అందింది. మూత తీయగానే ఘాటు ముఖానికి కొట్టింది."

అక్క: మూతా?

తమ్ముడు: ముఖపత్రం అన్నమాట. అట్ట తిప్పగానే అనకుండా మూత తీయగానే అన్నారు. విమర్శకులంటే అలా ఉండాలి. సమాజం మీద నా విసుర్లు ఆయనకు గట్టిగా తగిలాయి.

అక్క: తగిలే ఉంటాయి. తర్వాత?

తమ్ముడు: "ముక్క ఎక్కడా మెత్తబడలేదు." చూశావా, రాజీపడకుండా రాశానంటున్నారు. "ఇంకో నెల ఊరితే మరీ బాగుంటుంది." ఇది మాత్రం కాస్త గుచ్చుకుంది. తొందరపడి అచ్చుకు ఇచ్చానని చురక. రాసినదాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టాల్సింది.

అక్క: పక్కన పెడితే చాలదు. తడి తగలకుండా చూడాలి.

తమ్ముడు: అబ్బ! నువ్వు కూడా విమర్శకురాలివే. "నూనె చక్కగా పైకి తేలింది." అంటే... లోతైన భావం పైకి తేలిందని. "ఉప్పు మాత్రం ఒక పిసరు ఎక్కువ."

అక్క: ఏమన్నాడూ?

తమ్ముడు: ఉప్పు ఎక్కువని. కన్నీళ్ళు ఎక్కువ పెట్టానని సున్నితంగా...

అక్క: నా చేతి ఉప్పుకు ఇంతవరకు వంక పెట్టినవాడు పుట్టలేదు! ఎవడురా వాడు? ఫోను నంబరు ఉందా?

తమ్ముడు: నీ ఉప్పు గొడవ ఏమిటి మధ్యలో? ఇది నా పుస్తకం.

అక్క: అది నా ఆవకాయరా!

(ఇక్కడ తమ్ముడు నోరు తెరిచాడు. తెరిచిన నోరు వెంటనే మూస్తే ఆయన రచయిత ఎందుకవుతాడు?)

తమ్ముడు: అసూయ అక్కా నీకు. రచయిత ఇంట్లో అసూయ సహజం.

అక్క: మొన్న రాయగడ నుంచి అమ్మాయి అత్తగారు ఫోను చేసి, "వదినగారూ, పార్సిలు అందింది, సగం దాకా వచ్చాను, నిద్ర ఆగడం లేదు" అంది. ఆవకాయ తింటే నిద్రేమిటి, ఈవిడకు రక్తపోటుగాని వచ్చిందా అనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది.

తమ్ముడు: నిద్ర వస్తోందన్నారా? ఏ కథ దగ్గర?

అక్క: అది అడగాలని తోచలేదు. "మామిడికాయ ముక్కలు తగిలాయా" అని అడిగాను. "ఇంకా లేదండీ, ముందున్నాయేమో చూస్తాను" అంది పాపం.

తమ్ముడు: అసాధ్యం. పొట్లాల మీద నువ్వే కదా రాశావు?

అక్క: "పచ్చడి" అని ఒకదాని మీద, "పుస్తకాలు" అని ఇంకోదాని మీద, ఇంతింత అక్షరాలతో తెలుగులో రాశాను. చిరునామా చీటీలు అంటించమని నువ్వు పక్కింటి కుర్రాడికిచ్చావు. వాడు తెలుగు గలగలా మాట్లాడతాడు. చదవడం మాత్రం ఒడియా, ఇంగ్లీషే. సరిగ్గా నా అక్షరాల మీదే చీటీలు అంటించి, "అయిపోయింది మామ్మా" అని జంతికలు కూడా తిని వెళ్ళాడు.

తమ్ముడు: మరి నేను హైదరాబాదు పొట్లాన్ని జ్ఞాన్ పోస్టులో వేశానే! 2025 మేలో పుస్తకాల కోసమే పెట్టారది. 300 గ్రాముల దాకా 20 రూపాయలే. "లోపల ఏముంది" అని గుమాస్తా అడిగితే "తెలుగు కథా సాహిత్యం" అన్నాను, గుండె మీద చెయ్యి వేసుకుని!

అక్క: జ్ఞాన్ పోస్టులో ఆవకాయ వెళ్ళిందన్నమాట. మన ఇంటి నుంచి వెళ్ళిన అసలైన జ్ఞానం అదేలే.

తమ్ముడు: నవ్వకు. ఈ దేశంలో పుస్తకం రాయడం తేలిక, చదివేవాణ్ణి వెతకడమే కష్టం. పత్రికలవాళ్ళు సమీక్షకు రెండు ప్రతులు పంపమంటారు. పంపితే పేరు, వెల వేసి "అందిన పుస్తకాలు" అంటారు. అందిందని నాకూ తెలుసు, పంపింది నేనే కదా! స్నేహితుల్ని అడిగితే "తీరిగ్గా చదువుతాను" అంటారు. పదవీ విరమణ చేసిన మనిషికి అంతకంటే తీరిక ఎక్కడుంటుంది? పోనీ అమెజాన్‌లో నాలుగు మాటలు రాయమని నిన్ను అడుగుదామంటే, రచయిత ఇంట్లోవాళ్ళు సమీక్ష రాయకూడదని వాళ్ళ నియమం.

అక్క: బతికించారు.

తమ్ముడు: కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి పంపాను. పంపి తీరాలని 1954లోనే చట్టం ఉంది.

అక్క: చట్టం పెడితేగాని ఎవరూ తీసుకోరని వాళ్ళకు అప్పుడే తెలిసిందన్నమాట.

తమ్ముడు: అసలు తప్పు నాది కాదు. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు ఆ గీత ఇటు గీయకుండా ఉంటే మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉండి, తర్వాత ఆంధ్రలోకి వచ్చేవాళ్ళం. నాకు సమీక్షకులు దొరికేవారు.

అక్క: గీతకు అవతల రాసేవాళ్ళ మంచాల కింద పుస్తకాల కట్టలు లేవనుకుంటున్నావా? అట్ట వెనక "వి.వి. గిరి పుట్టిన ఊరి రచయిత" అని కూడా వేసుకున్నావు. పాపం ఆయన 1894లో ఇక్కడ పుట్టారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. నీ పుస్తకం అమ్మిపెట్టే పని కూడా ఆయనకేనా?

తమ్ముడు: నీకేం తెలుసు అక్కా. నువ్వు దాన్ని కనీసం తెరవలేదు.

అక్క: తెరవకుండానే 61వ పేజీలో సీతాలు కాస్తా లక్ష్మి అయిపోయిందని తెలిసిందా? మూడు పేజీల తర్వాత మళ్ళీ సీతాలే. ఎర్ర పెన్ను బాగుండదని నల్లదానితో దిద్దాను.

తమ్ముడు: దిద్దావా? ఏ ప్రతిలో?

అక్క: అన్నిట్లోనూ.

తమ్ముడు: అన్నీ అంటే... కట్టలన్నీ విప్పి?

అక్క: ఒక్కటీ అమ్ముడుపోలేదు కాబట్టి సులువైంది.

(కాసేపు చప్పుడు లేదు. తమ్ముడు ముక్కు చీదిన శబ్దం మాత్రం వినిపించింది. ఆవకాయ ఘాటని ఆయన చెప్పుకోవచ్చు.)

అక్క: ఆ కార్డు ఇలా తే. వెనకవైపు చదివావా?

తమ్ముడు: వెనక చిరునామాయే కదా.

అక్క: చిరునామా పక్కన సన్నగా రాశాడు. "పుస్తకం పంపుతున్నట్టు ఫోనులో అన్నారు, ఇంకా చేరలేదు. వస్తే తప్పక చూస్తాను."

తమ్ముడు: చూస్తానన్నారా! తప్పక అన్నారా! అక్కా, రెండు ప్రతులు తియ్యి. ఆ దిద్దినవే.

అక్క: దిద్దనివి ఎక్కడున్నాయిరా? ఆగు, జాడీ కూడా దింపుతాను. ఇంకో పొట్లం పంపాలి.

తమ్ముడు: వద్దక్కా. పుస్తకంతో పాటు పచ్చడి పంపితే సమీక్ష కోసం లంచం ఇచ్చినట్టుంటుంది.

అక్క: నీ పుస్తకానికి, దీనికి సంబంధం లేదు. ఉప్పు ఎక్కువన్నాడుగా, తగ్గించి పంపుతున్నాను. సవరించిన రెండో ముద్రణ. నీది ముందు మొదటిది మంచం కింద నుంచి లేవనీ.