బొగ్గు లెక్క అడగని వకీళ్లు

కాలుష్య కంపెనీలను కోర్టుకీడ్చిన లాయర్ల సినిమాలు మనవాళ్లకూ కొత్త కాదు. 'ఎరిన్ బ్రాకోవిచ్', 'ఎ సివిల్ యాక్షన్', 'డార్క్ వాటర్స్'... కథలు తెలిసినవే. చూసినవాళ్లు చివర్లో అనే మాటా తెలిసిందే: మందుల ఫ్యాక్టరీల కాలుష్యం మోసిన పటాన్‌చెరుకు అలాంటి లాయరు ఒక్కడు దొరికి ఉంటేనా! లాయర్లు దొరక్కేం, దొరికారు. 1990లోనే కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. హైకోర్టు, జాతీయ హరిత ట్రైబ్యునల్ (ఎన్జీటీ) తిరిగి 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేళ్లు! అన్నేళ్లూ దొరకనివి కంపెనీల లోపలి కాగితాలు.

ఈ సినిమాల్లో నిజమైన హీరో ఆ కాగితాలే. 1999లో 'డార్క్ వాటర్స్' కథలోని లాయరు రాబ్ బిలాట్ రసాయనాల కంపెనీ డ్యూపాంట్ మీద దావా వేసేనాటికి, సీ8 అనే ఆ రసాయనం ప్రభుత్వ నియంత్రణ జాబితాలోనే లేదు. నేరమని చూపడానికి చట్టంలో అంకె లేదు. కేసు మలుపు తిరిగింది కోర్టు ఆదేశంతో కంపెనీ తన ఫైళ్లు, లక్షకు పైగా పేజీలు, పంపించాక. దాని విషగుణం కంపెనీకి దశాబ్దాలుగా తెలుసునని వాళ్ల సొంత పరీక్షలే చెప్పాయి. 2017లో కుదిరిన పరిహారం 67 కోట్ల డాలర్లు. 'ఎ సివిల్ యాక్షన్' కథకు మూలమైన వోబర్న్ కేసులో దీనికి తలకిందులు: టానరీ (తోళ్ల శుద్ధి ఫ్యాక్టరీ) స్థలం గురించిన నివేదిక ఒకటి విచారణ అయ్యేదాకా బాధితుల లాయర్ల చేతికి రాలేదు. ఆ టానరీ మీద కేసు వీగిపోయింది.

మన దగ్గర కథా అదే. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎన్నో రెట్లు అది. అయినా నేరం కాలేదు, ఎందుకంటే వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌కు పరిమితే లేదు. 2020 జనవరి ముసాయిదాలో కేంద్రం పరిమితులు పెట్టింది, 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో తీసేసింది.

ఇక నాలా నీళ్లు సీసాలో పట్టి కంపెనీని పట్టుకుందామా? నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం పీసీబీ (కాలుష్య నియంత్రణ బోర్డు) అధికారి అక్కడికక్కడే నోటీసివ్వాలి, యాజమాన్యం మనిషి ఎదుటే నమూనాను రెండు భాగాలు చేయాలి, సీలేసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఇది తప్పితే ఫలితం సాక్ష్యంగా చెల్లదు. బోర్డు సీసాకే ఇన్ని షరతులుంటే, ఊరివాళ్లు కూల్‌డ్రింక్ సీసాలో పట్టిన నాలా నీళ్లను కంపెనీ లాయరు రెండు ప్రశ్నల్లో తేల్చేస్తాడు. సాల్వెంట్ (మందుల తయారీలో వాడే, ఇట్టే ఆవిరయ్యే ద్రావకం) పట్టుకోవాలంటే 40 మిల్లీలీటర్ల గాజు వయల్‌ను పైదాకా, గాలి బుడగ లేకుండా నింపాలి. సందు ఉంటే అందులోకే ఎగిరిపోతుంది. లోహాల నమూనాకు నైట్రిక్ యాసిడ్ కలపాలి. ఎరిన్ కథలోని హెక్సావలెంట్ క్రోమియానికి మాత్రం కలపకూడదు, రూపం మారిపోతుంది. బీఓడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడే ఆక్సిజన్ లెక్క) నమూనాను ఐసులో పెట్టకుండా మధ్యాహ్నం కారు డిక్కీలో తెస్తే, ల్యాబ్‌కు చేరేలోగా సూక్ష్మజీవులు సగం పని కానిచ్చేస్తాయి, అంకె తగ్గుతుంది.

అందుకే నా ఓటు సీసాలకు కాదు, కంపెనీల రిజిస్టర్లకు. బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీల వ్యర్థాల్లో ఉప్పు ఎక్కువ. మామూలు జీవశుద్ధిలో సూక్ష్మజీవులు దానికి తట్టుకోలేవు. ఆవిరి చేయాల్సిందే. మూడంచెల ఎవాపరేటర్‌లో టన్ను స్టీమ్‌కు సుమారు రెండున్నర టన్నుల నీరు ఆవిరవుతుంది. టన్ను బొగ్గుకు వచ్చే స్టీమ్ సుమారు ఐదు టన్నులు. అంటే రోజుకు 100 కిలోలీటర్లు (సుమారు వంద టన్నులు) ఆవిరి చేశామనే యూనిట్, ఒక్క ఎవాపరేటర్‌కే ఎనిమిది టన్నుల బొగ్గు కొనాలి. బిల్లులు రెండు టన్నులకే ఉంటే ఆవిరైంది పాతికే. మిగతా 75 కిలోలీటర్లు ఎటు పోయాయి? వానపడ్డ రాత్రి నాలాలోకా, ట్యాంకర్‌లో కుంట పక్కకా? సాల్వెంట్‌కూ ఇదే లెక్క: కొన్నదెంత, తిరిగి పట్టిందెంత, తేడా ఎక్కడ? సినిమావాళ్లకు ఇది బోరు. జడ్జికి కాదు.

సినిమాలు చైతన్యం తెస్తాయి, కుర్ర లాయర్లను కదిలిస్తాయి అంటారు. నిజమే కావచ్చు. అమెరికాలో లాయరు గెలిస్తేనే ఫీజు తీసుకుంటానని సొంత డబ్బు పెట్టి ఏళ్ల తరబడి కొట్లాడతాడు. ఇక్కడ ఆ ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమాలే నిషేధించాయి. కదిలిన కుర్రాడు మూడో వాయిదాకు అలసిపోతాడు.

కానీ మన చట్టం వాళ్లకన్నా పదునైనది. బిలాట్ బృందం జబ్బులకు కారణం నిరూపించడానికి దాదాపు 69,000 మంది రక్త నమూనాలు కావలసి వచ్చాయి. మనకో? ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరిధిలో నూనె ఫ్యాక్టరీ వివాదంపై, ఎం.వి. నాయుడు కేసులో సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది: హాని లేదని నిరూపించుకోవాల్సింది పరిశ్రమే. తీర్పు రాసింది జస్టిస్ ఎం. జగన్నాథరావు. పత్రాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాన్ని ఎన్జీటీ చట్టం 19వ సెక్షన్ ట్రైబ్యునల్‌కు ఇచ్చింది. అయినా మన పిటిషన్లు 'కమిటీ వేయండి' అనే వేడుకుంటాయి. కమిటీ ఒక పూట వస్తుంది, ఆ పూట నాలా తేటగా పారుతుంది.

అసలు ఈ లెక్కలకు కోర్టు దాకా వెళ్లాల్సిన గతి ఎందుకు పట్టాలి? సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఎవరూ అడక్కముందే వివరాలు బయటపెట్టమంటుంది. మన ఆఫీసులు దాన్ని అటకెక్కించాయి. బోర్డు అనుమతి ఉన్న ప్రతి యూనిట్ ఏటా సెప్టెంబరు 30లోగా ఫారం-5 పర్యావరణ ప్రకటన ఇవ్వాలి. వాడిన నీరు, ముడిసరుకు, వదిలిన కాలుష్యం అన్నీ అందులో ఉండాలి. పది రూపాయల దరఖాస్తుతో బోర్డును ఐదేళ్లవి అడగండి, ఎన్జీటీలో పరిహారానికి గడువు ఐదేళ్లే కాబట్టి. వ్యాపార రహస్యమంటే, ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని సమాచార హక్కు చట్టం 8(1)(డి) చెబుతోందని అప్పీలులో రాయండి. కంపెనీ ఫారమే పంపలేదంటారా, ఆ మాట బోర్డు కాగితం మీద రాసిచ్చిన రోజు పిటిషన్‌కు మొదటి అనుబంధం చేతికొచ్చినట్టే.