పూడిమడక హైడ్రోజన్ కూర్మన్నపాలెం దాకా రాదా?

కూర్మన్నపాలెంలోని విశాఖ ఉక్కు ప్లాంటు మాట వస్తే అప్పులు, నష్టాలు, సొంత గనులు లేకపోవడం, కాంట్రాక్టు కార్మికుల తొలగింపు... మన చర్చంతా వీటి చుట్టూనే. అందులో తప్పేం లేదు. వంద శాతం వాటాల అమ్మకానికి 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచి ప్లాంటు ఉంటుందా, పోతుందా అన్న టెన్షన్‌లో ఉన్నవాళ్ల దగ్గర కర్బన ఉద్గారాల ప్రస్తావన తెస్తే విసుగే వస్తుంది. పైగా విశాఖలో కాలుష్యమంటే డాబా మీద వేలితో గీస్తే కనపడే నల్ల దుమ్ము. కంటికి కనపడని కార్బన్ డయాక్సైడ్ గురించి ధర్నా చేసేదెవరు?

అయితే మార్కెట్ ఇప్పుడు ఆ కనపడని దాన్నే లెక్కగడుతోంది. మన దేశంలో టన్ను ఉక్కు తయారీకి సగటున రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. ప్రపంచ సగటు రెండు టన్నుల లోపే. గ్రీన్ స్టీల్ అనిపించుకోవాలంటే ఉద్గారాలు టన్నుకు 2.2 టన్నుల లోపు ఉండాలని 2024 డిసెంబరులో కేంద్ర ఉక్కు శాఖ గీత గీసింది. 1.6 లోపైతే అయిదు స్టార్లు. యూరప్‌లో దిగుమతి ఉక్కుపై కార్బన్ భారం 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ ఉద్గారాలు సోలార్ పలకలు పెట్టినంత మాత్రాన తగ్గేవి కావు. ఖనిజాన్ని ఇనుముగా కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ కొలిమిలో కోక్ (గాలి తగలకుండా బొగ్గును కాల్చి చేసేది) మండి వేడినివ్వడమే కాదు, ఖనిజంలో ఇనుముకు అంటిపెట్టుకున్న ఆక్సిజన్‌ను లాగేసేది కూడా అందులోని కార్బనే. విశాఖ ప్లాంటు ఈ విషయంలో వెనకబడిందనీ అనలేం. ఎర్రగా కాలిన కోక్‌ను నీళ్లతో కాకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి తీసి కరెంటు పుట్టించే పద్ధతి దేశంలో ముందుగా వచ్చింది ఇక్కడే. దానివల్ల ఇంధనం ఆదా అవుతుంది, ఫర్నేస్ లోపలి రసాయన చర్య మాత్రం మారదు. మూడు ఫర్నేసులూ పూర్తిగా నడవకపోతే ఇంకో నష్టం: మొత్తం ఉద్గారాలు తగ్గినట్టే కనిపిస్తాయి గానీ, టన్నుకు పడే లెక్క పెరుగుతుంది. ప్లాంటును సగం సామర్థ్యంతో నడిపి పర్యావరణానికి మేలు చేశామనుకోవడం దండగ.

కార్బన్ చేసే ఆ పనిని హైడ్రోజన్‌తో చేయిస్తే బయటకొచ్చేది నీటి ఆవిరి. ఆ హైడ్రోజన్ మన పక్కనే తయారు కాబోతోంది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ (సౌర, పవన విద్యుత్ లాంటి వాటితో నీటి నుంచి తీసేది) హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. రోజుకు 1,500 టన్నులు లక్ష్యం. టన్ను ఇనుముకు 50 నుంచి 60 కిలోల హైడ్రోజన్ కావాలి. ఆ లెక్కన ఏడాదికి 90 లక్షల టన్నుల ఇనుముకు సరిపోతుంది. విశాఖ ప్లాంటు పూర్తి సామర్థ్యమే 73 లక్షల టన్నులు! కానీ హబ్ ప్రధానంగా ఎగుమతుల కోసమే అని మొదట్నుంచీ చెబుతున్నారు. అంటే ఇక్కడి హైడ్రోజన్‌తో వేరే దేశాలు తమ లక్ష్యాలు అందుకుంటాయి, మనం దిగుమతి చేసుకున్న కోకింగ్ కోల్ (కోక్ తయారీకి వాడే బొగ్గు) మండిస్తూ కూర్చుంటాం.

అడ్డంకులు లేవని కాదు. గ్రీన్ హైడ్రోజన్ కిలో మూడొందలనుకున్నా టన్ను ఇనుముకు ఆ ఖర్చే 15 నుంచి 18 వేల రూపాయలవుతుంది. ఇప్పుడున్న బ్లాస్ట్ ఫర్నేసుల్లోకి కొంతవరకే పంపగలం. పూర్తిగా మారాలంటే హైడ్రోజన్‌తో ఖనిజాన్ని ఇనుముగా మార్చే కొత్త షాఫ్ట్ ఫర్నేసు, ఆ ఇనుమును కరెంటుతో కరిగించే ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేసు కట్టాలి. మేలురకం ఖనిజం కావాలి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి కేకే (కొత్తవలస-కిరండూల్) రైల్వే లైన్ మీదుగా వచ్చేది అలాంటిదే కాబట్టి ఆ ఒక్క విషయంలో మనం నయం. డబ్బు మాటకొస్తే, 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీ ప్లాంటును గట్టున పడేయడానికి ఉద్దేశించింది. కొత్త టెక్నాలజీకి విడిగా నిధులు కావాలి. యూనియన్లు సొంత గనులు అడిగినంత గట్టిగా దీన్నీ అడగాలని నా అభిప్రాయం. గ్రీన్ పేరు చెప్పి కోక్ ఓవెన్ల కార్మికులను ఇంటికి పంపేస్తారేమోనన్న భయం ఉంటే, ముందే బల్ల దగ్గర కూర్చుని శిక్షణ, ఉద్యోగ భద్రత ఒప్పందంలో రాయించుకోవడం మేలు.

మరోవైపు నక్కపల్లి దగ్గర ఆర్సెలర్ మిట్టల్ నిప్పన్ స్టీల్ కొత్త ప్లాంటు తలపెట్టింది. బ్లాస్ట్ ఫర్నేసు ఒకసారి కడితే మధ్యలో ఇటుకల లైనింగ్ మారుస్తూ దశాబ్దాలు నడుపుతారు. దేశం నెట్ జీరో (వెలువడే ఉద్గారాలు, తొలగించేవి సమానం కావడం) గడువు 2070. అంటే ఇప్పుడు కట్టే ఫర్నేసు ఆ గడువు దగ్గరపడేదాకా బొగ్గు మండిస్తూనే ఉండొచ్చు. భూమి, నీళ్లు, రాయితీలు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే కాబట్టి రెండు షరతులు పెట్టొచ్చు. పూడిమడక ఉత్పత్తిలో కొంత వాటా స్థానిక ఉక్కుకు కేటాయించాలి. నక్కపల్లిలో రెండో దశకు అనుమతి అడిగినప్పుడు బొగ్గు కాకుండా వేరే దారి చూపాలి. అనుమతుల కాగితాలు ఇంకా కదులుతున్నప్పుడే ఇది సాధ్యం, ఫర్నేసు లేచాక కాదు.