‘ఇప్పుడు కొనకపోతే జన్మలో కొనలేరు’: బెంగళూరు ఇళ్ల మెసేజ్‌లో చెప్పని లెక్కలు

మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: “బెంగళూరులో ఇళ్ల ధరలు ఎప్పుడూ తగ్గలేదు, తగ్గవు. అద్దె కట్టడమంటే డబ్బు తగలేయడమే. అద్దెకు ఇంకాస్త కలిపితే ఈఎంఐ అయిపోతుంది. ప్రీ-లాంచ్‌లో కొంటే చవక. బీ-ఖాతా అయినా భయం లేదు, రేపు ఏ-ఖాతా చేస్తారు. ధరలు పెరిగాయని ఏడ్చేది కొనలేనివాళ్లే. ఊళ్లో పొలం అమ్మైనా సరే, ఇప్పుడే కొనండి.”

ఇల్లు కొనడం తప్పని ఎవరూ అనరు. కానీ అనంతపురం, చిత్తూరు జిల్లాల్లో తాతలనాటి భూమి అమ్మి, ఆ డబ్బు బెంగళూరులో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు పూర్తి లెక్క చెప్పాలి. ఈ మెసేజ్‌లో సగం లెక్కే ఉంది.

“అద్దెకు ఇంకాస్త కలిపితే ఈఎంఐ”

ఇంకాస్త ఎంతో చూద్దాం. నిర్మాణంలో ఉన్న కోటి రూపాయల ఫ్లాట్ తీసుకోండి. జీఎస్టీ 5%, అంటే 5 లక్షలు. స్టాంప్ డ్యూటీ 5%, దానిమీద సెస్సు, సర్‌ఛార్జి కలిపితే 5.6%. రిజిస్ట్రేషన్ ఫీజు కర్ణాటకలో 2025 ఆగస్టు 31 నుంచి 1% కాదు, 2%. అన్నీ కలిపితే 12.60 లక్షలు. ఓసీ (కట్టడం పూర్తయి నివాసానికి యోగ్యమని ఇచ్చే ధ్రువపత్రం) వచ్చిన ఫ్లాటైతే జీఎస్టీ ఉండదు, మిగతావి తప్పవు. లోన్ 75 లక్షలు దాటితే ధరలో 75% మించి ఇవ్వకూడదన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ ధరలో కలపరు. కాబట్టి 75 లక్షల లోన్ వస్తే మీ చేతినుంచి పడేది 25 లక్షలు, పైన ఆ 12.60 లక్షలు. మొత్తం 37.60 లక్షలు. కప్‌బోర్డులు, కిచెన్ ఇందులో లేవు.

75 లక్షలకు 8% వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 62,700. మొదటి నెల అందులో 50,000 వడ్డీకే పోతుంది. అసలుకు జమయ్యేది 12,700. అదే ఫ్లాట్‌కు అద్దె? బెంగళూరులో ఏడాది అద్దె సాధారణంగా ఇంటి ధరలో 3 నుంచి 4 శాతం. 4% వేసుకున్నా నెలకు 33,000.

ఇక్కడ ఈఎంఐని అద్దెతో పోల్చడమే తప్పు. అసలు మీ ఆస్తిలోకే చేరుతుంది గనక దాన్ని పక్కన పెట్టి, తిరిగి రాని డబ్బునే పోల్చాలి. కొన్నవాళ్లకు: వడ్డీ 50,000, చేతినుంచి పెట్టిన 37.60 లక్షల మీద 6.5% చొప్పున పోయిన ఎఫ్‌డీ వడ్డీ సుమారు 20,000. మొత్తం 70,000. అద్దెకున్నవాళ్లకు 33,000, ఐదు నెలల అడ్వాన్సు మీద పోయే వడ్డీ మరో వెయ్యి లోపు. మెయింటెనెన్స్ ఇద్దరూ కడతారు. ఆస్తిపన్ను, పెద్ద రిపేర్లు ఓనర్ మీదే. అంటే మొదట్లో ఏడాదికి దాదాపు నాలుగున్నర లక్షల తేడా. కోటి రూపాయల ఫ్లాట్ ఏటా నాలుగున్నర శాతం పెరిగితే గాని ఇద్దరూ సమానం కారు. ఐదేళ్లకే అమ్మేస్తే ఆ 12.60 లక్షలు కూడా రాబట్టాలి, అంటే ఏడాదికి మరో రెండున్నర లక్షలు. అప్పుడు ఏడు శాతం కావాలి.

బెంగళూరులో ఏడు శాతం పెరిగిన ఏళ్లూ ఉన్నాయి. పదేళ్లకు పైగా ఉంటే వడ్డీ భాగం తగ్గుతుంది, పక్కింటి అద్దె పెరుగుతుంది, లెక్క కొన్నవాళ్ల వైపు మొగ్గుతుంది. ఉద్యోగం మారి మూడేళ్లలో హైదరాబాద్ వెళ్లే అవకాశం ఉన్నవాళ్లకు మాత్రం అద్దే చవక.

ఈఎంఐ కూడా నిలకడగా ఉండదు. రెపో రేటు (రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) 2020 మేలో 4%. 2022 మే నుంచి పెంచుతూ 2023 ఫిబ్రవరికి 6.5% చేశారు. ఫ్లోటింగ్ లోన్లన్నీ దానితోపాటే ఎక్కాయి. 6.5% వడ్డీ దగ్గర 75 లక్షలకు 20 ఏళ్ల ఈఎంఐ సుమారు 55,900. బాకీ పెద్దగా తగ్గకముందే వడ్డీ 9% అయితే ఒక్క వడ్డీయే నెలకు 56,250. అంటే పాత ఈఎంఐ వడ్డీకే చాలదు, అప్పు తీరకపోగా పెరుగుతుంది. అందుకే అప్పట్లో చాలామందికి ముందు గడువు సాగి, తర్వాత ఈఎంఐ కూడా పెరిగింది. మీ జీతానికి ఈఎంఐ సరిపోతుందా అన్నది చూసేటప్పుడు ఇప్పటి రేటుకు 2% కలిపి చూడండి.

“ధరలు ఎప్పుడూ తగ్గలేదు”

కాగితం మీద తగ్గకపోవచ్చు. 2016లో నోట్ల రద్దు, 2018లో హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలకు అప్పు పుట్టని రోజులు, ఆ తర్వాత కోవిడ్. ఆ ఏళ్లలో చాలాచోట్ల ఫ్లాట్ల రీసేల్ ధర సరుకుల ధరల పెరుగుదలను కూడా అందుకోలేదు. 2020-21లో వర్క్ ఫ్రమ్ హోమ్‌తో జనం ఊళ్లకు పోతే అద్దెలు పడిపోయాయి. 2022 నుంచి ఆఫీసులు తెరిచేసరికి ఒక్కసారిగా ఎగిశాయి. ఎగిసిన ఆ రెండు మూడేళ్లనే చూపించి “ఎప్పుడూ” అంటున్నారు.

పైగా పెరిగేది నేల. గోడలు పాతబడతాయి. ఎకరంలో, అంటే 43,560 చదరపు అడుగుల్లో, వంద ఫ్లాట్లుంటే ఒక్కోదానికి నేలలో వచ్చే అవిభాజ్య (విడదీయని ఉమ్మడి) వాటా సుమారు 435 అడుగులే. బ్రోచర్‌లో 1,200 అడుగుల సూపర్ బిల్టప్ (మెట్లు, లిఫ్ట్ లాంటి ఉమ్మడి స్థలం వాటా కలిపి) అని ఉన్నా కార్పెట్ ఏరియా (గోడల లోపలి నేల) 840 ఉంటే, కోటి రూపాయలకు మీరు అడుగుకు ఇస్తున్నది 8,333 కాదు, 11,900. ఈ రెండు అంకెలూ అడగకుండా పక్క ప్రాజెక్టుతో ధర పోల్చడంలో అర్థం లేదు.

“ప్రీ-లాంచ్‌లో చవక”

ప్రీ-లాంచ్ అంటే ప్రాజెక్టు అధికారికంగా ప్రారంభం కాకముందే అమ్మడం. 500 చదరపు మీటర్ల స్థలం గానీ, 8 ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టును రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటించడం, బుక్ చేయడం, అమ్మడం చట్టవిరుద్ధం. రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10% మించి తీసుకోకూడదు. ‘ఆసక్తి పత్రం’ అని ఏ పేరు పెట్టి చెక్కు తీసుకున్నా రెరా నంబర్ లేదంటే మీ డబ్బు బిల్డర్ మాట మీదే ఉన్నట్టు.

ఆలస్యమైతే రెండు పడవల భారం. లోన్ మొత్తం విడుదలయ్యాక ప్రీ-ఈఎంఐ (ఇల్లు చేతికొచ్చేదాకా కట్టే వడ్డీ మాత్రమే) 50,000, ఉన్న ఇంటి అద్దె 33,000, నెలకు 83,000. ఒక్క ఏడాది ఆలస్యమైతే అద్దె కిందే దాదాపు 4 లక్షలు పోతాయి. ప్రీ-లాంచ్ తగ్గింపు అక్కడే కరిగిపోతుంది. ఆలస్యానికి కర్ణాటక రెరా నిబంధనల ప్రకారం స్టేట్ బ్యాంక్ ఎంసీఎల్ఆర్‌కు (ఆ బ్యాంక్ లోన్లకు పెట్టుకునే కనీస వడ్డీ రేటు) 2% కలిపి వడ్డీ రావాలి. ఆర్డర్ వస్తుంది. బిల్డర్ కట్టకపోతే ఆ బాకీని రెవెన్యూ శాఖ ద్వారా వసూలు చేయించుకోవాలి, అది వేగంగా సాగదు.

“బీ-ఖాతా అయినా భయం లేదు”

మెసేజ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. ఖాతా అనేది పన్ను వసూలుకు పెట్టిన నమోదు, యాజమాన్య హక్కు పత్రం కాదు. ఏ-ఖాతా అంటే అనుమతులన్నీ సక్రమంగా ఉన్న ఆస్తుల నమోదు. బీ-ఖాతా అంటే లోపం ఉందని కార్పొరేషనే రాసిపెట్టుకున్నట్టు: ల్యాండ్ కన్వర్షన్ (సాగుభూమిని ఇళ్లకు వాడుకునే అనుమతి) లేకపోవడం, లేఅవుట్‌కు అనుమతి లేకపోవడం, ప్లాన్ దాటి కట్టడం. చాలా బ్యాంకులు లోన్ ఇవ్వవు, ఇచ్చే ఫైనాన్స్ సంస్థలు వడ్డీ ఎక్కువ వేస్తాయి. రేపు మీ దగ్గర కొనేవాళ్లకూ ఇదే ఇబ్బంది, కాబట్టి అమ్మకం ధర కూడా పడుతుంది.

‘రేపు ఏ-ఖాతా’ అన్న ఆశ పాతదే. అక్రమ కట్టడాలను రుసుము తీసుకుని క్రమబద్ధం చేసే అక్రమ-సక్రమ పథకం మీద సుప్రీంకోర్టు 2017 జనవరిలో స్టే ఇచ్చింది. 2024 డిసెంబరులో అదే కోర్టు, ఓసీ చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలనీ, బ్యాంకులు కూడా ఓసీ చూసుకునే లోన్ ఇవ్వాలనీ తీర్పు చెప్పింది. ఏ ప్రభుత్వం కొత్త పథకం ప్రకటించినా, అందులో మీరు కొనే రకం ఆస్తి ఉందా, ఫీజు ఎవరు కట్టాలి అన్నవి తేలాకే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

“ఏడ్చేది కొనలేనివాళ్లే”

ఈ మాట మనసు నొప్పిస్తుంది, పైగా అబద్ధం. ఒక్క ఇల్లున్న కుటుంబాన్నే చూడండి. వాళ్ల టూ బీహెచ్‌కే 80 లక్షలు, పిల్లలు పెద్దయ్యాక కావలసిన త్రీ బీహెచ్‌కే 1.20 కోట్లు. తేడా 40 లక్షలు. రెండూ 50% పెరిగితే 1.20 కోట్లు, 1.80 కోట్లు. తేడా 60 లక్షలు, స్టాంప్ డ్యూటీ కూడా ఆ పెద్ద మొత్తం మీదే. సొంతిల్లున్నా వాళ్లు 20 లక్షలు వెనక్కి పోయారు. లాభం రెండో మూడో ఫ్లాట్లున్నవాళ్లకు, ఊరు విడిచి వెళ్లేవాళ్లకు, ప్రతి అమ్మకానికీ కమీషన్ అందుకునేవాళ్లకు. ధరలు పెరిగితే దిగులు పడేవాళ్లలో సొంతిల్లున్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల దిగులుకు లెక్క ఉంది.

పన్ను లాభం గురించి ఒక్క మాట చాలు: సొంతంగా ఉండే ఇంటి వడ్డీ మీద 2 లక్షల మినహాయింపు పాత పన్ను విధానంలోనే. కొత్తదానిలో లేదు.

ఇవన్నీ చూసుకుని కొనాలనే నిశ్చయించుకున్నారా? టోకెన్ ఇవ్వకముందే ఈ కాగితాల కాపీలు అడగండి: మదర్ డీడ్ (ఆ ఆస్తికి మూల దస్తావేజు) నుంచి ఇప్పటిదాకా గొలుసు తెగకుండా డీడ్‌లు, 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), కన్వర్షన్ ఆర్డర్, మంజూరైన ప్లాన్, ఈ-ఖాతా, కట్టడం పూర్తయితే ఓసీ. భూమి ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చినదైతే 1978 నాటి పీటీసీఎల్ చట్టం ప్రకారం అనుమతి లేని అమ్మకం చెల్లదు. మధ్యలో ఎన్ని చేతులు మారినా అసలు యజమాని వారసులు వెనక్కి అడగవచ్చు. ఈసీలో ఇది కనిపించదు, పాత పహణీలు, గ్రాంటు రికార్డులు చూడాలి. కన్నడ పత్రాలు చదివి చెప్పే లాయర్ మీరు పెట్టుకున్నవాడై ఉండాలి, బిల్డర్ చూపించినవాడు కాదు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1% టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) మీరే కోసి కట్టాలి. రిజిస్ట్రేషన్‌కు ముందురోజు కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో ఈసీ మళ్లీ తీయండి, మధ్యలో ఆ ఆస్తి మీద ఇంకో అగ్రిమెంటో తాకట్టో ఎక్కి ఉంటే అక్కడే తెలుస్తుంది.