డాబీ చావుకు క్షమాపణ సరే, క్రీచర్ సంగతేమిటి?

హ్యారీ పోటర్ కథలో, మంత్రవిద్య నేర్పే హాగ్వార్ట్స్ బడిలో ఆఖరి యుద్ధం జరిగిన తేదీ మే 2. రచయిత్రి జె.కె. రౌలింగ్ కొన్నేళ్లపాటు ఆ రోజు రాగానే, తాను చంపిన పాత్రల్లో ఒకరిని తలచుకుని పాఠకులను బహిరంగంగా క్షమాపణ కోరుతూ వచ్చారు. 2015లో ఫ్రెడ్, 2016లో లూపిన్, 2017లో స్నేప్, 2018లో డాబీ. ఆమె క్షమాపణ కోరినప్పుడల్లా కొందరు పాఠకులు కరిగిపోయారు, కొందరు ససేమిరా క్షమించేది లేదన్నారు. ఆ చావులకు ఆమె ఎవరికీ క్షమాపణ చెప్పుకోనక్కరలేదని నా అభిప్రాయం. యుద్ధమంటూ రాసిన తర్వాత మనకు ఇష్టమైన వాళ్లనందరినీ క్షేమంగా ఇంటికి చేర్చి ఉంటేనే ఆమెను తప్పు పట్టవలసి వచ్చేది. ఆమె బాకీ పడినది మరొకచోట, ఆ బాకీని అడిగే పాఠకులు నాకు పెద్దగా కనిపించలేదు.

నేను నల్లగొండలో ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లోంచి ఏరుకొచ్చిన ఈ ఏడు సంపుటాలూ పిల్లల చేతుల్లో తిరిగి తిరిగి అట్టలు ఊడిపోయాయి. అందుచేత చివరి పుస్తకం ముగించినవాళ్లు మొదట ఏమంటారో నాకు కంఠతా వచ్చు. ఫ్రెడ్‌ను ఎందుకు చంపాలని అడుగుతారు. పసిబిడ్డను వదిలి లూపిన్, టాంక్స్ ఇద్దరూ పోవడం అన్యాయమంటారు. గుడారం వేసుకుని అడవులు పట్టుకు తిరిగే అధ్యాయాలను సాగదీశారంటారు, అది నిజమే. హ్యారీ స్నేహితులిద్దరిలో హెర్మియోనీకి రాన్ తగడని గంటలకొద్దీ వాదిస్తారు. ఆ జంటను కుదర్చడంలో తన సొంత కోరికే పనిచేసిందని 2014లో రచయిత్రి స్వయంగా ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్న తర్వాత ఆ వాదనకు బలం పెరిగింది గానీ, అది పెండ్లిళ్ల పేరయ్యలకు వదిలేయవలసిన పంచాయితీ. పంతొమ్మిదేళ్ల తర్వాత రైల్వే ప్లాట్‌ఫాం మీద నడిచే ఆఖరి ఘట్టం చదివి కొందరు మురిసిపోతారు, కొందరు మండిపడతారు.

ఇన్ని మాట్లాడుకునేవాళ్లు, మంత్రగాళ్ల ఇళ్లలో ఊడిగం చేసే పొట్టి ప్రాణులైన హౌస్ ఎల్ఫ్‌ల గురించి మాత్రం వాళ్లలో ఒకడైన డాబీ కోసం ఏడవడంతో సరిపెట్టుకుంటారు.

2000లో వచ్చిన నాలుగో పుస్తకాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. హాగ్వార్ట్స్ భోజనశాలలో బల్లల మీద ప్రత్యక్షమయ్యే విందు గాలిలోంచి పుట్టినది కాదనీ, కింద వంటశాలలో వందమందికి పైగా ఎల్ఫ్‌లు జీతం లేకుండా, సెలవు లేకుండా వండి పంపుతున్నదేననీ హెర్మియోనీకి అప్పుడు తెలుస్తుంది. మూడేళ్లుగా తాను ఎవరి చాకిరీ తింటున్నదో తెలియగానే ఆ పిల్ల కంచం పక్కకు నెట్టేస్తుంది. తర్వాత ఎల్ఫ్‌ల హక్కుల కోసం ఒక సంఘం పెట్టి, బ్యాడ్జీలు చేయించి, సభ్యత్వ రుసుము వసూలు చేయబోతుంది. అందరూ నవ్వుతారు. వాళ్ల పెద్ద స్నేహితుడు హాగ్రిడ్ అంతటి మంచివాడు కూడా, పని మాన్పించడం వాళ్లకు అపకారమేనని చెప్పి చేరనంటాడు. ఆమె మరుసటి ఏడాది టోపీలు అల్లి, బట్ట ఇస్తే ఎల్ఫ్‌కు విముక్తి దొరుకుతుంది కాబట్టి, ఎల్ఫ్‌లకు తెలియకుండానే వాళ్లను విడిపించాలని గదిలో అక్కడక్కడా దాచిపెడితే, దాన్ని అవమానంగా భావించిన ఎల్ఫ్‌లు ఆ గది ఊడ్చడమే మానేస్తారు. నిజం చెప్పాలంటే ఇక్కడ రచయిత్రి చాలా లోతుకు వెళ్లారు. విముక్తి పొందవలసినవాళ్లను ఒక్క మాటైనా అడగకుండా వాళ్లను విడిపించబోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కొలువు పోగానే అవమానంతో తాగుడుకు బానిసైన వింకీని సృష్టించిన రచయిత్రికి, ముసలితనం వల్ల టీ ట్రే మోయలేకపోయిన ఎల్ఫ్‌ల తలలు నరికి గోడకు తగిలించిన ఇల్లును చూపించిన రచయిత్రికి ఈ సమస్య బరువు తెలియదని ఎవరనగలరు?

అంత బరువును ఎత్తుకున్న చేతులు ఏడో పుస్తకంలో ఏం చేశాయో చూడండి. యుద్ధం మొదలవుతుండగా రాన్‌కు వంటశాలలోని ఎల్ఫ్‌లు గుర్తొస్తారు. వాళ్లను బయటకు పంపాలనీ, మన కోసం చావమని వాళ్లకు చెప్పలేమనీ అంటాడు. వెంటనే హెర్మియోనీ చేతిలోని సామానంతా పడేసి అతడిని ముద్దు పెట్టుకుంటుంది. నాలుగు పుస్తకాల పాటు నడిచిన ప్రశ్న ఒక ప్రేమ ఘట్టానికి ముహూర్తంగా పనికొచ్చింది. కొద్దిసేపటి తర్వాత ఎల్ఫ్‌లు వంటింటి కత్తులు పట్టుకుని, హ్యారీకి సొంత ఎల్ఫ్ అయిన క్రీచర్ ముందు నడవగా యుద్ధంలోకి దూకుతారు. నా యజమాని కోసం పోరాడండి అన్నది అతని తొలి పిలుపు. ఇక గెలిచిన తర్వాత, ఉపసంహారానికి ముందున్న అధ్యాయం చివరి వాక్యాల్లో, అలసిపోయిన హ్యారీ తన మంచాన్నీ, అక్కడికి క్రీచర్ ఒక శాండ్‌విచ్ తెచ్చిపెడతాడేమోనన్న సంగతినీ తలచుకుంటాడు.

మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఆ పేజీ దగ్గర వేలు పెట్టి, "సార్, గెలిచినంక క్రీచర్‌కు ఏమొచ్చింది?" అని అడిగింది. మేస్త్రి దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఎక్కడో డ్యాం పనిలో మట్టి మోసిన పాలమూరు కూలీల కథలు ఇంట్లో విని పెరిగిన పిల్ల. ఆ ప్రశ్నకు నా దగ్గర పుస్తకంలోంచి చూపించగల జవాబు లేదు.

ఈ జిల్లా పాఠకులకు ఆ ప్రశ్న తట్టకపోవడమే నాకు ఆశ్చర్యం. వెట్టి అంటే ఏమిటో మన తాతల తరానికి ఎవరూ విప్పి చెప్పవలసిన అవసరం రాలేదు. దొర ఉండే కోటలాంటి గడీలో చాకిరీకి కూలీ ఉండేది కాదు, రానని చెప్పే వీలూ ఉండేది కాదు. దొర బిడ్డ అత్తగారింటికి పోతుంటే సారెతో పాటు ఆడబాపలనే దాసీలను కూడా పంపేవారు. ఆరో పుస్తకంలో, చనిపోయిన తన సంరక్షకుడు సిరియస్ ఇంటితో పాటు క్రీచర్ కూడా హ్యారీకి వారసత్వంగా వస్తాడు. ఆ వారసత్వం చెల్లిందో లేదో తేల్చడానికి, అతనికి ఏదైనా ఒక ఆజ్ఞ ఇచ్చి చూడమని హెడ్మాస్టర్ డంబుల్‌డోర్ అంటాడు. హ్యారీ నోరు మూయమనగానే, అరుస్తున్న క్రీచర్ గొంతు ఆగిపోతుంది. ఆ పేజీ చదువుతుంటే నాకు కళ్లముందు ఆడినది ఇంగ్లండు కాదు. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగిన తర్వాత ఊరూరా సంఘం బలపడింది, వెట్టి పోవాలన్నది దాని తొలి డిమాండ్లలో ఒకటి. దొర కొంచెం దయగా ఉంటే చాలునని ఆ సంఘం అడగలేదు.

చివరి పుస్తకం మాత్రం సరిగ్గా అక్కడే ఆగిపోయింది. సిరియస్ క్రీచర్‌ను ఈసడించుకున్నాడు కాబట్టి క్రీచర్ ద్రోహం చేశాడు, హ్యారీ మెత్తగా మాట్లాడి అతని పాత యజమాని లాకెట్ చేతిలో పెట్టాడు కాబట్టి క్రీచర్ మారిపోయి ఇల్లంతా తళతళలాడించి కమ్మగా వండిపెట్టాడు. అంటే చెడ్డ దొర స్థానంలో మంచి దొర వస్తే సరిపోతుందన్నమాట. యుద్ధంలో ప్రాణాలకు తెగించి పోరాడినవాడు మర్నాటికి ఏ హోదాలో నిద్ర లేచాడో పుస్తకం చెప్పదు. దొర మంచివాడైనంత మాత్రాన గడీ గడీ కాకుండా పోదు.

ఈ మాట అన్నప్పుడల్లా నాకు ఎదురయ్యే జవాబులు మూడు. పిల్లల పుస్తకంలో ఇన్ని వెతకకూడదన్నది మొదటిది. వెతకమని చెప్పింది నేను కాదు, హెర్మియోనీ చేత కంచం నెట్టించిన రచయిత్రే. ఎల్ఫ్‌లకు ఆ పనే ఇష్టమని పుస్తకమే చెబుతున్నది కదా అన్నది రెండోది. ఇది హాగ్రిడ్ మాట, గడీల కాలంలో మన దగ్గరా వినిపించిన మాటే. ఎల్ఫ్‌లలో ఎక్కువమంది అదే అన్నారని ఒప్పుకుంటాను, కానీ జీతం అడిగి, డంబుల్‌డోర్ పది గాలియన్లు, అంటే అక్కడి బంగారు నాణేలు, ఇస్తానంటే వద్దని వారానికి ఒక్క గాలియన్‌కు బేరం కుదుర్చుకున్న డాబీ కూడా ఎల్ఫే. మూడోది కాస్త గట్టి జవాబు. హెర్మియోనీ పెద్దయ్యాక మంత్రిత్వ శాఖలో చేరి ఎల్ఫ్‌ల బతుకులు మెరుగుపడేలా పనిచేసిందని, పుస్తకం వచ్చిన కొద్ది రోజులకే 2007లో రచయిత్రి పాఠకుల ప్రశ్నలకు జవాబిస్తూ చెప్పారు. సంతోషం. అయితే పుస్తకంలో ఆ ఆఖరి ఘట్టానికి చోటు ఉంది, ఎవరి పిల్లలకు ఎవరి పేర్లు పెట్టారో చెప్పడానికి చోటు ఉంది, నెవిల్ ఏ పాఠం చెబుతున్నాడో చెప్పడానికి చోటు ఉంది. ఈ ఒక్క సంగతినే పుస్తకం బయట ఎందుకు చెప్పవలసి వచ్చింది?

ఇంత అన్నానని చివరి పుస్తకం నాకు నచ్చలేదని అనుకోవద్దు. హ్యారీ తన చావుకు తానే నడిచి వెళ్లే అడవి అధ్యాయం ఏడు సంపుటాల్లోకెల్లా గొప్పది. డాబీని పూడ్చే ఘట్టంలో హ్యారీ మంత్రం వాడకుండా, పార పట్టి తన చేతులతో గొయ్యి తవ్వి, రాతి మీద స్వేచ్ఛ పొందిన ఎల్ఫ్ అని చెక్కడం దానికి సాటి వచ్చేదే. ఒక ఎల్ఫ్ కోసం చేతులు బొబ్బలెక్కేలా తవ్విన ఆ కుర్రవాడు కొన్ని వారాలకే మరో ఎల్ఫ్ తెచ్చిపెట్టే తిండి గురించి ఆలోచించడం మీదనే నా అభ్యంతరమంతా. ఆ వైరుధ్యం హ్యారీ అలసటలోంచి వచ్చిందని, రచయిత్రి దాన్ని కావాలనే రాశారని మా కాలేజీ సహోద్యోగి ఒకరు వాదిస్తారు. కావాలని రాసి ఉంటే ఆ వాక్యం తర్వాత ఒక్క క్షణమైనా హెర్మియోనీ అతడి వైపు చూసి ఉండేది.

సినిమాల్లో వింకీ లేదు, హెర్మియోనీ సంఘం లేదు, కత్తులు పట్టుకుని పైకొచ్చిన వంటశాల ఎల్ఫ్‌లూ లేరు. అందువల్ల సినిమాలు మాత్రమే చూసి నాతో వాదానికి దిగదలచినవారు ముందుగా నాలుగో పుస్తకం చదివి రావలసిందిగా మనవి. కావాలంటే నా ప్రతి ఇస్తాను, అట్ట లేదు గానీ పేజీలన్నీ ఉన్నాయి.